ఐదో మాటకు ఆరు వారాలు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోకి ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో రాసి పెట్టుకునే టైమాఫీసుకి జ్ఞానప్రకాశం హెడ్ క్లర్కు. వేలమంది రాకపోకల మీద అంత పట్టున్న మనిషికి తన కడుపు మీద మాత్రం పూచికపుల్లంత అధికారం లేదు. అది ఎప్పుడు పిలుస్తుందో దాని ఇష్టం. పిలిచాక ఎదురుగా ఆఫీసరున్నా సరే, అత్తగారున్నా సరే, లేచి పోవాల్సిందే.

ఇది నిన్నామొన్నటి సంగతి కాదు. పదకొండేళ్ల కాపురం. పొద్దున్న లేచాక మూడుసార్లు, గుమ్మం దాటే ముందు ఎందుకైనా మంచిదని ఇంకోసారి, ఆపైన రోజంతా దాని దయ. నొప్పి, ఉబ్బరం, చుట్టుపక్కల వాళ్లు తలతిప్పి చూసేంత గుడగుడ. పెళ్లికి పిలిస్తే ఆయన ముందు కనుక్కునేది ముహూర్తం కాదు, దొడ్డి ఎటువైపని. గోల్ బజారు నుంచి నిమ్‌పురా దాకా ఏ తలుపు వెనక ఏ సౌకర్యం ఉందో మునిసిపాలిటీ వాళ్లకన్నా ఆయనకే బాగా తెలుసు. చర్చిలో కూడా చివరి బల్లే, అదీ పక్క తలుపుని ఆనుకుని. జనం దాన్ని వినయమనుకున్నారు. ముందుకొచ్చి కూర్చునేవాళ్లు ఈయన్ని చూసి నేర్చుకోవాలని పాస్టరయ్యగారు ఒక ఆదివారం ప్రసంగంలో పొగిడారు కూడా. పొగుడుతున్నప్పుడు జ్ఞానప్రకాశం లోపల లేడు.

ఇంతకీ, బెంగాల్లో స్థిరపడ్డ రైల్వే తెలుగువాళ్ల ఆ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడుగురు మనుషులు. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క మాట తీసుకుని మాట్లాడాలి. ఆ మూడు గంటలూ ఎవరూ కుర్చీ దిగకూడదు. ఒకసారి ఒక మాట ఒకరికి ఇచ్చారంటే బతికున్నంతకాలం అది వాళ్లదే. దాహం గురించిన ఐదో మాట ఇరవై రెండేళ్లు జ్ఞానప్రకాశం తండ్రి జ్ఞానరత్నానిది. బాయిలర్ షాపులో సుత్తి దెబ్బల మీదుగా అరిచి అరిచి పదునెక్కిన గొంతు ఆయనది. మైకు అక్కర్లేదు. ఆయన పోయి ఏడేళ్లయింది. అప్పటినుంచి ఐదో మాట ఊరికొచ్చిన అతిథుల చేతుల్లో తిరుగుతోంది. ఏటేటా పాస్టరుగారు కొడుకుని అడగడం, ఏటేటా కొడుకు ఒక అబద్ధం చెప్పడం. ఒక ఏడు గొంతు నొప్పి, ఒక ఏడు ఆడిట్, ఇంకో ఏడు ఇంకోటి.

తొంభై రెండులో, గుడ్ ఫ్రైడేకి ఆరు వారాల ముందొచ్చే భస్మ బుధవారం సాయంత్రం, పాస్టరయ్యగారు మధురాకటిలోని జ్ఞానప్రకాశం క్వార్టరుకి వచ్చారు. టీ తాగి, కప్పు కింద పెట్టి, మెల్లగా అన్నారు.

"ప్రకాశం, ఈసారి కూడా కాదంటే ఐదో మాట సుందర్ రాజుకి ఇచ్చేస్తాను. నువ్వే ఆలోచించుకో."

సుందర్ రాజు టికెట్ కలెక్టరు. ఊరికొచ్చి మూడేళ్లు కాలేదు. వయసు ముప్పై రెండు, మనిషి ఉక్కు. ఆయన చేతికి వెళ్లిన మాట ఇంకో నలభై ఏళ్లకి గాని తిరిగి రాదు. ఈ లోకంలో జ్ఞానప్రకాశం ఆశపడ్డవి ఎక్కువ లేవు. ప్రమోషన్ల కోసం వెంపర్లాడలేదు, స్కూటరు కావాలనుకోలేదు. ఆ ఐదో కుర్చీ మాత్రం కావాలి. తండ్రి ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా నోటికి వచ్చు. ఏడేళ్లుగా రోజూ లోలోపల చెప్పుకుంటూనే ఉన్నాడు. ఎక్కడ కూర్చుని చెప్పుకున్నాడో అడగొద్దు, ఆయనకి తీరిక దొరికే చోటు ఇంట్లో అదొక్కటే.

"ఈ ఏడు నేనే సెప్తాను అయ్యగారూ," అనేశాడు, ఆలోచన కన్నా నోరు ముందు కదిలి.

పాస్టరుగారు గేటు దాటాక భార్య స్వర్ణకుమారి కప్పులు తీస్తూ అంది. "మూడు గంటలు. మీరేటి, కూకోడమేటి? ఆదివారం టీవీలో సినిమా అయ్యేలోగా ఎన్నిసార్లు లేస్తారో నేను లెక్కెట్టినాను."

"ఎన్నిసార్లు?"

"సెప్తే బాధపడతారు."

మర్నాడే ఆయన రైల్వే ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టర్ మైతీ కొత్తగా వచ్చిన బెంగాలీ అమ్మాయి, అందరూ మైతీ దీదీ అంటారు. పాత పరీక్షల కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, పొట్ట నొక్కి చూసి, బెంగాలీలో చెప్పింది. "మీ పేగుల్లో పుండు లేదు, గడ్డ లేదు, పురుగు లేదు. వాటికి ఉన్నదల్లా కోపం. దీన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు."

పదకొండేళ్లుగా తనని పరిగెత్తించినదానికి ఇంత ఘనమైన ఇంగ్లీషు పేరుందని విని ఆయనకి కాస్త గర్వం కూడా కలిగింది. దీదీ రోజూ రెండు పూటలా పెరుగు తినమంది. జ్ఞానప్రకాశం ముఖం మాడింది. శ్రమల కాలం నలభై రోజులూ తనకి అన్నిటికన్నా ఇష్టమైనది మానేస్తానని నిన్ననే మొక్కుకున్నాడు. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది పెరుగు.

"మానడానికి ఇంకేమీ దొరకలేదా దాదా?" అంది దీదీ. నలభై రోజులు దోయి లేకుండా, అంటే పెరుగు లేకుండా, మనిషి ఎలా బతుకుతాడో ఆ బెంగాలీ పిల్లకి అర్థం కాలేదు. కాసేపు పెన్ను కొరికి, అలమారలోంచి పొట్లాలు తీసింది. లోపల తెల్లటి పొడి. "ఇందులో ఉన్నవి బతికున్న క్రిములు. మంచివి. మీ పేగులో చోటంతా టికెట్ లేనివాళ్లు ఆక్రమించుకున్నారనుకోండి. ఇవి రిజర్వేషన్ ఉన్నవాళ్లు. వీళ్లు ఎక్కి బెర్తులు పట్టుకుంటే వాళ్లకి చోటుండదు. అయితే అందరికీ పనిచేస్తుందని చెప్పను. కొందరికి నొప్పీ ఉబ్బరమూ తగ్గుతాయి, కొందరికి ఏ తేడా ఉండదు. నాలుగు వారాలు చూద్దాం. చల్లటి నీళ్లలోనే కలిపి తాగండి."

రైల్వే మనిషికి రైలు భాషలో చెప్తే ఎక్కకుండా ఉంటుందా. ఇంటికి పొట్లాలు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఇంట్లో మందులన్నీ ఎలీసమ్మ చేతి మీదుగానే నడవాలి. పెళ్లికి ముందు నుంచీ ముప్పై ఒక్క ఏళ్లు మిషను ఆస్పత్రుల్లో ఆయాగా చేసిన మనిషి. కత్తులూ సూదులూ గాజు సిరంజిలూ మరిగించడమే ఆమె ఉద్యోగం. అవి మరిగే డ్రమ్ము ముందు నిలబడి నిలబడి, నీళ్లు తెర్లాక పది నిమిషాలు ఆగకపోతే దేనినీ నమ్మని స్థితికి వచ్చింది.

"ఇందులో ఏటున్నాది నాయనా?"

"క్రిములమ్మా. రోజుకి రెండు పొట్లాలు, భోజనం అయ్యాక. సల్లగా తాగాలట."

ఎలీసమ్మ పొట్లాన్ని కొనవేళ్లతో పట్టుకుంది. "సల్లగానే ఇస్తాను," అంది.

ఈలోపు ధర్మసందేహం ఒకటి. పొడిలో ఉన్నవి పెరుగు జాతి క్రిములే కదా, మొక్కు చెడుతుందా అని. పాస్టరుగారు గడ్డం గోక్కుని, గిన్నెలో ఉన్నది పెరుగు, పొట్లంలో ఉన్నది మందు అని తీర్పిచ్చారు. మొక్కు నిలిచింది, మందు మొదలైంది. రోజూ రెండు పూటలా ఎలీసమ్మ ఉప్పు వేసిన గంజిలో పొడి కలిపి, చల్లటి గ్లాసు చేతికిచ్చేది.

మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం గుడగుడ ఇంకాస్త పెరిగింది. రిజర్వేషన్ వాళ్లు ఎక్కుతున్నారు, తోపులాట ఉండదా అని సర్దిచెప్పుకున్నాడు. మూడో వారం పొద్దుటి మూడు కాస్తా రెండయింది. నాలుగో వారం చర్చిలో ప్రసంగం మొదలు నుంచి ఆఖరు దాకా విన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి పాస్టరుగారి ప్రసంగానికి ముగింపు కూడా ఉంటుందని తెలిసింది. ఆ ఉత్సాహంలో ఇంట్లో కూర్చునే సాధన మొదలుపెట్టాడు. కర్ర కుర్చీ, ఎదురుగా అలారం గడియారం. గంటా నలభై నిమిషాల దాకా వచ్చాడు. స్వర్ణకుమారి మాట్లాడకుండా, కుర్చీకి కాలు తగలకుండా ఆ పక్కనుంచే తిరిగేది. సుందర్ రాజు ఎదురుపడి, "మీకు వీలు కాకపోతే నేను రెడీగా ఉన్నానండీ," అంటే, "ఉండండి, ఉండండి, నలభై ఏళ్లు రెడీగానే ఉండండి," అని నవ్వుతూ సాగిపోయాడు.

నాలుగు వారాలూ పూర్తయ్యాక దీదీకి చూపించుకోవడానికి బయలుదేరితే, మోకాలు నొప్పని ఎలీసమ్మ కూడా రిక్షా ఎక్కింది. దీదీ ఆయన చెప్పిందంతా రాసుకుని సంతోషించింది. పొడి దేనితో తీసుకుంటున్నారని అడిగింది.

తనకి తెలిసిన పని గురించి ఎవరైనా అడిగితే ఎలీసమ్మ ఊరుకోదు. హాస్పిటల్ బెంగాలీలో అందుకుంది. "గంజిలో దీదీ. నేనే స్వయంగా చేస్తాను. పొడి వేసి, తెర్లించి, గడియారం చూసి పది నిమిషాలు మరిగిస్తాను. తరవాత చల్లార్చి ఇస్తాను. ఒక్క క్రిమి బతికుంటే నన్నడుగు."

దీదీ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మొహాన్ని రెండు చేతులతో కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. జ్ఞానప్రకాశం ఆమె ఏడుస్తోందనుకున్నాడు. కాదు.

"మాషీమా," అంది చివరికి కళ్లు తుడుచుకుంటూ, "నాలుగు వారాలుగా మీ అబ్బాయికి మీరు శవాలు తాగించారు."

సంగతి అర్థమయ్యాక ఎలీసమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. జ్ఞానప్రకాశం అడిగాడు. "మరి నాకు తగ్గింది కదా దీదీ."

"తగ్గింది. ఈ జబ్బులో అదొక వింత. కడుపుకి కోపం తెప్పించే వాటిలో భయం ఒకటి. మందు వేసుకుంటున్నామన్న ధైర్యానికే కొంత దిగుతుంది. ఇంకో రెండు వారాలకి పొట్లాలిస్తాను. ఈసారి బతికున్నవి తాగి చూడండి."

రిక్షా గోల్ బజారు దాటకముందే ఆయన కడుపుకి నిజం తెలిసిపోయింది. నాలుగు వారాలు శవాలతో తృప్తిగా కాపురం చేసిన ఆ పేగే, మోసపోయానని తెలియగానే అలిగి మెలితిరిగింది. రిక్షా ఆపించి, తనకి తెలిసిన ఒక తలుపు వైపు నడిచాడు. నడక అనకూడదేమో. మర్నాటికి రెండు కాస్తా నాలుగయింది. చేతిలో ఉన్నవి సరిగ్గా రెండు వారాలు.

ఆయనకి తల్లి మీద కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, మాటలు మింగేసే కోపం. రెండు రోజులు ఆమె వైపు చూడకుండా అన్నం తిన్నాడు. మూడో రోజు వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఎలీసమ్మ కుండలోని చల్లటి నీళ్లు స్టీలు గ్లాసులో పోసి, పొడి వేసి, చెంచాతో తిప్పుతోంది. ఎంత మెల్లగా అంటే, గట్టిగా తిప్పితే వాటి తలలు తిరుగుతాయేమో అన్నంత మెల్లగా.

"తప్పయిపోనాదర్రా," అంటోంది గ్లాసులోకి వంగి. "మీవోల్లందర్నీ నేనే సంపీసినాను, నాకు తెలీక. ఆ కోపం నా మీద పెట్టుకోండి. నా కొడుకు కడుపులో మాత్రం సల్లగా కాపరం సెయ్యండి."

జ్ఞానప్రకాశం గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. "అలా బతిమాలకమ్మా, మరీ నెత్తికెక్కుతాయి," అన్నాడు. కోపం పోయింది. మొహం తిప్పుకుని వెళ్లాడు గాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

బతికున్నవి తమ పని తాము చేస్తూ పోయాయి, తొందరేమీ పడకుండా. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి ఉబ్బరం దిగింది, నొప్పి పల్చబడింది, నాలుగు మళ్లీ రెండుకి వచ్చింది. కానీ ఆ రెండోది ఎప్పుడొస్తుందో ఖాయం లేదు. కుర్చీ సాధనలో రెండు గంటలు దాటలేదు. మూడు గంటలకి ఇంకా గంట బాకీ. వద్దని చెప్పేద్దామా అని బుధవారం పాస్టరుగారి గేటు దాకా వెళ్లాడు. గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి, నాన్న మాట నా చేతులతో తీసుకెళ్లి ఇంకొకరికిస్తానా అనుకుని వెనక్కి వచ్చేశాడు.

శుక్రవారం వచ్చింది. ఏప్రిల్ ఎండ రేకుల మీద పెళపెళలాడుతోంది. ఏడు కుర్చీల్లో ఐదోది ఆయనది. ఆరో కుర్చీలో ఆమోసు, లోకో షెడ్డు ఫోర్‌మన్, పదిహేనేళ్లుగా ఆరో మాట అతనిదే. కూర్చోబోతుంటే చెవిలో అన్నాడు. "అన్నియ్యా, మజ్జిలో లెగకూడదు, తెలుసు గదా." జ్ఞానప్రకాశం తలూపాడు.

మొదటి మాట బాగా గడిచింది. రెండో మాటా అంతే. మూడో మాటకి అరగంట పట్టింది. నాలుగో మాట చెప్పే పెద్దాయన ప్రతి వాక్యాన్నీ రెండేసిసార్లు చెప్తాడు, ఆ రెండోసారి మొదలైనప్పుడే కడుపులో ఒక గుడగుడ లేచి, బండి పట్టాలు మారినట్టు ఇటునుంచి అటు కదిలింది. ఆయన గోడ గడియారం చూశాడు. రెండు కావడానికి పది నిమిషాలు.

"ఐదో మాట. సహోదరుడు జ్ఞానప్రకాశం."

లేచి మైకు ముందు నిలబడి తండ్రి చేతిరాత కాగితాలు విప్పాడు. ఇరవై నిమిషాల ప్రసంగం. కడుపు చెప్తున్నది మూడు నిమిషాలు. కళ్లు తిరుగుతున్నాయని పడిపోవచ్చు. ముక్కునుంచి రక్తమని రుమాలు అడ్డం పెట్టుకోవచ్చు. అబద్ధాలకి ఆయన దగ్గర కొదవ లేదు, పదకొండేళ్ల అనుభవం. కానీ ఈ చోట నిలబడి అబద్ధమాడాలంటే నోరు రాలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ప్రభువు ఏడు మాటలన్నాడు," అన్నాడు. "ఒకటి శత్రువుల కోసం, ఒకటి దొంగ కోసం, ఒకటి అమ్మ కోసం. తండ్రితో అన్నవి ఉన్నాయి. తన ఒంటి కోసం అన్నది ఈ ఒక్కటే, దాహమవుతోందని. అంత జనం ముందు, నవ్వేవాళ్ల ముందు, నా ఒంటికి ఇది కావాలని అడిగాడు. సిగ్గుపడలేదు. నేను సిగ్గుపడ్డాను. ఏడేళ్లుగా ఈ కుర్చీలో కూర్చోమంటే గొంతు నొప్పి అన్నాను, ఆడిట్ అన్నాను. అవన్నీ అబద్ధాలు. నాకు పేగుల జబ్బుంది. మూడు గంటలు కూర్చోలేను. అందుకే వెనక బల్ల, వినయం కాదు. ఇప్పుడు కూడా నేను బయటికి వెళ్లాలి. వెళ్లొచ్చి మిగతాది చెప్తాను. అంతవరకూ దయచేసి ఒక పాట పాడండి."

వేదిక దిగాడు. పక్క తలుపు ఈసారి దూరం, ఉన్నది నట్టనడిమి దారి. నాలుగొందల మంది మధ్యనుంచి నడవాలి. ఎవరూ దగ్గలేదు, నవ్వలేదు, పాడలేదు కూడా. ఆయన బూట్ల చప్పుడు ఆయనకే పెద్దగా వినపడుతోంది. సగం దారిలో ఉండగా ఆడవాళ్ల వైపు ఎలీసమ్మ మోకాలు పట్టుకుని లేచి నిలబడి, శ్రుతీ పాడూ లేకుండా పాట ఎత్తుకుంది. స్వర్ణకుమారి కలిపింది. ఆయన గుమ్మం దాటేసరికి చర్చి అంతా పాడుతోంది.

చర్చి వెనక రేకు తలుపుది ఒకే ఒక్క గది. లోపల కూర్చుని ఆయన ఏడ్చాడు. ఐదో మాట ఇంక తనది కాదు. మధ్యలో లేచినవాడికి ఎవరిస్తారు. నాన్న ఇరవై రెండేళ్లు నిలబెట్టింది తను మూడు నిమిషాల్లో పోగొట్టాడు. పాట మూడో చరణంలోకి వెళ్లింది. అప్పుడు బయట కంకర మీద అడుగుల చప్పుడై, తలుపు మీద ఎవరో వేలితో తట్టారు.

"అన్నియ్యా, ఇంకెంతసేపు?"

ఆమోసు గొంతు.

"నువ్వెందుకొచ్చినావు తమ్ముడూ?"

"నువ్వు లెగిసేక నాకు ఆగలేదు," అన్నాడు ఆమోసు. "పదిహేనేళ్లుగా పళ్లు బిగబట్టి కూకుంటన్నాను. బేగి రా అన్నియ్యా, నీ పున్నెముంటాది."

జ్ఞానప్రకాశానికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. నవ్వితే కడుపు నొప్పెట్టింది, అయినా ఆగలేదు. తలుపు తీసేసరికి ఆమోసు పంచె పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడి ఉన్నాడు. లోపలికి దూరి, తలుపు వేసుకుని, అక్కణ్నుంచే అడిగాడు. "అన్నియ్యా, ఏ డాక్టరు?"

"మైతీ దీదీ. పొడి ఇస్తాది. నీకు పడొచ్చు, పడకపోవచ్చు."

ఆయన లోపలికి తిరిగి వచ్చేసరికి పాట మొదటికొచ్చి రెండోసారి నడుస్తోంది. వేదిక మీద ఆరో కుర్చీ ఒక్కటే కాదు, రెండోదీ ఏడోదీ కూడా ఖాళీ. నాలుగో మాట పెద్దాయన కుర్చీలో ముందుకి వంగి గుమ్మం వైపు ఆశగా చూస్తున్నాడు. జ్ఞానప్రకాశం మైకు దగ్గరకి వెళ్లి తండ్రి కాగితాలు తీశాడు. ఇరవై నిమిషాలు, ఒక్క అక్షరం వదలకుండా, ఒంట్లో ఏ తొందరా లేకుండా చదివాడు. అంత స్థిమితంగా ఆయన జీవితంలో ఎప్పుడూ నిలబడలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరకి వెళ్లి, మాట సుందర్ రాజు గారికే ఇచ్చేయండి అయ్యగారూ, అన్నాడు.

"సుందర్ రాజుకి ఎందుకు?" అన్నారు పాస్టరుగారు. "నువ్వు బతికే ఉన్నావు కదా." అని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మన పాటల్లో అన్నిటికన్నా పొడుగైనది ఏది ప్రకాశం?" అని అడిగారు.

మరుసటి ఏడు అచ్చు వేయించిన కార్యక్రమ పత్రంలో నాలుగో మాటకీ ఐదో మాటకీ మధ్య పదకొండు చరణాల పాట ఒకటి చేరింది. ఆ పాట మొదలవగానే అందరికన్నా ముందు వేదిక దిగింది పాస్టరయ్యగారే.